మయ్యత్‌కు వచ్చేవాళ్లం మంచం దగ్గరకు రాలేమా?

మన విశాఖపట్నంలో ఏ మొహల్లాలోనైనా మయ్యత్ అయిందని తెలిస్తే చాలు, గంట తిరగకముందే పనులన్నీ వాటంతటవే జరిగిపోతాయి. మసీదు మైకులో ప్రకటన వస్తుంది. ఒకరు కఫన్ గుడ్డకు పోతారు. ఒకరు ఖబరస్తాన్‌కు వెళ్లి గోరీ తవ్వేవారికి కబురు చెబుతారు. ఇంకొకరు గుస్ల్ ఇచ్చే పెద్దమనిషిని స్కూటరు మీద ఎక్కించుకొస్తారు. వన్ టౌన్ కోటవీధి కావచ్చు, అక్కయ్యపాలెం కావచ్చు, గాజువాక కావచ్చు, పేరు కూడా తెలియని మనిషి జనాజాకు సైతం పదిమంది భుజం ఇస్తారు. మూడు రోజులు ఆ ఇంట్లో పొయ్యి వెలిగించనివ్వరు. పక్కింటి నుండి, వెనకింటి నుండి అన్నం గిన్నెలు వస్తాయి. ఇది మన సమాజానికున్న గొప్ప గుణం. ఇతర మతాల మిత్రులు కూడా దీన్ని చూసి మెచ్చుకుంటారు.

అయితే అదే ఇంటికి అంతకు నాలుగు నెలల ముందు ఎందరు వచ్చారు? ఈ ప్రశ్నను మనం పెద్దగా వేసుకోము. ఆ నాలుగు నెలలూ ఆ ఇంటి పెద్దాయన నొప్పితో మూలుగుతున్నాడు. ఆయన భార్యకో, కోడలికో, పెళ్లికాని కూతురికో నిద్ర లేదు. మొదటి వారంలో చుట్టాలు ఆపిల్ పండ్లతో వచ్చారు, రెండో నెలలో ఫోన్లు చేశారు, మూడో నెల నుండి అదీ లేదు. మయ్యత్ రోజున మాత్రం వీధి సరిపోనంత జనం. ముస్లింకు ముస్లింపై గల హక్కులను దైవప్రవక్త ముహమ్మద్ (స) లెక్కించి చెప్పిన హదీసును మనం పిల్లలకు కంఠతా నేర్పిస్తాం. అందులో జనాజా వెంట నడవడం ఉంది. దాని పక్కనే రోగిని పరామర్శించడమూ ఉంది. ఒకదాన్ని భుజాన ఎత్తుకుని, రెండోదాన్ని ఆపిల్ పండ్లతో సరిపెట్టుకుంటున్నాం.

క్యాన్సర్ ముదిరినవారికి, కిడ్నీలు పూర్తిగా దెబ్బతిన్నవారికి, పక్షవాతంతో మంచం పట్టినవారికి, జబ్బు నయం కాదని తేలిన తరువాత కూడా చేయవలసిన వైద్యం చాలా ఉంటుంది. నొప్పి, ఆయాసం, వాంతులు, పుండ్లు, నిద్రలేమి, భయం... వీటికి వైద్యం. దీన్నే పాలియేటివ్ కేర్ అంటారు, తెలుగులో ఉపశమన వైద్యం అంటున్నారు. అలాంటి రోగుల కోసమే నడిపే ఆశ్రయం హాస్పిస్. నేటి పద్ధతిలో మొదటి హాస్పిస్‌ను 1967లో లండన్‌లో సిసిలీ సాండర్స్ అనే ఆవిడ ప్రారంభించారు. ఆవిడ మొదట నర్సు, తరువాత ఆసుపత్రిలో సంఘసేవిక, ఆ తరువాత డాక్టరు. మన దేశంలో 1986లో ముంబయిలో శాంతి అవేదన ఆశ్రమం వచ్చింది. హైదరాబాదులో మెహదీ నవాజ్ జంగ్ గారి పేరిట 1955 నుండి నడుస్తున్న ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో సుమారు ఇరవై ఏళ్లుగా ఈ విభాగం పనిచేస్తోంది. మన ఊళ్లో అగనంపూడి దగ్గర టాటా మెమోరియల్ సెంటర్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. అక్కడ క్యాన్సర్ రోగుల నొప్పి తగ్గించే వైద్యం దొరుకుతుంది. ఈ సంగతి మన మొహల్లాల్లో ఎందరికి తెలుసు? ప్రపంచం మొత్తం మీద ఈ వైద్యం అవసరమైన వారిలో నూటికి 14 మందికే అది అందుతోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మిగిలిన 86 మందిలో మన ఇళ్లవాళ్లు కూడా ఉన్నారు.

మన ఇళ్లలో జరుగుతున్నదేమిటంటే, ఏదో ఒక రోజు ఏదో ఒక ఆసుపత్రిలో ఒక మాట వినిపిస్తుంది. "ఇంటికి తీసుకెళ్లిపోండి." అంతే. ఇంటికి తీసుకెళ్లి ఏం చేయాలో చెప్పరు. నొప్పి వస్తే ఏ మాత్ర ఇవ్వాలి, మూత్రం ఆగిపోతే ఎవరిని పిలవాలి, రాత్రి రెండింటికి ఆయాసం వస్తే ఎలా పడుకోబెట్టాలి, ఇవేవీ చెప్పరు. ఆ మాట విన్నవారు రెండు విధాలుగా ప్రవర్తిస్తారు. కొందరు బంగారం అమ్మి, తాకట్టు పెట్టి హైదరాబాదుకో వేలూరుకో రైలెక్కుతారు, వెనక్కి వచ్చేసరికి మనిషీ మిగలడు, ఇల్లూ మిగలదు. మరికొందరు ఇంటికి తెచ్చి, మంచం మీద పడుకోబెట్టి, ఇక అల్లాహ్ దయ అని కూర్చుంటారు. రోగం నయం చేయమని తిరగడానికీ, ఏమీ చేయకుండా కూర్చోవడానికీ మధ్య మూడో దారి ఉంది. అదే మేము చెబుతున్నది.

మొదట నొప్పి సంగతి మాట్లాడుకుందాం. మన పెద్దలు కొందరు నొప్పిని మందుతో తగ్గించుకోవడం సహనానికి విరుద్ధమని భావిస్తారు. జబ్బు వల్ల పాపాలు రాలిపోతాయని హదీసుల్లో ఉన్న మాట నిజమే. కాని దాని అర్థం నొప్పిని పెంచి పోషించమని కాదు. వైద్యం చేయించుకోమని చెప్పినవారు కూడా దైవప్రవక్త (స) వారే గదా. సహనానికి ప్రతిరూపంగా మనం చెప్పుకునే హజ్రత్ అయ్యూబ్ (అలై) తన బాధను తొలగించమని దైవాన్ని వేడుకున్నారు. వేడుకోవడం ఆయన సహనానికి లోపమైందా? కాలేదు.

రెండో భయం మత్తు గురించి. క్యాన్సర్ నొప్పి ముదిరినప్పుడు మామూలు మాత్రలు పనిచేయవు, మార్ఫిన్ కావాలి. నోటితో వేసుకునే మార్ఫిన్ మాత్రను వేళ ప్రకారం ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే చెప్పింది. కాని మన దేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం వచ్చాక ఈ మందు దొరకడం గగనమైంది. ఒక ఆసుపత్రి దాన్ని తెప్పించుకోవాలంటే నాలుగైదు లైసెన్సులు కావలసి వచ్చేది. మధ్యప్రదేశ్‌లో, రాజస్థాన్‌లో, ఉత్తరప్రదేశ్‌లో ప్రభుత్వ అనుమతితోనే నల్లమందు పండిస్తున్న దేశంలో సొంత రోగులకు మాత్ర దొరకలేదు! 2014లో చట్టాన్ని సవరించి ఆ చిక్కులు తగ్గించారు. అయినా భయం పోలేదు. మన జిల్లాలో "మత్తు" అనగానే మన్యం గంజాయి, చెక్‌పోస్టులు, పోలీసులు గుర్తుకొస్తారు. కాబట్టి డాక్టరు మార్ఫిన్ రాస్తే ఇంటివాళ్లే వద్దంటారు. అబ్బాకు అలవాటైపోతుందేమోనని కొడుకు భయం, హరామ్ అవుతుందేమోనని తల్లి భయం.

నొప్పి కోసం, డాక్టరు చెప్పిన కొలత ప్రకారం వాడినప్పుడు వ్యసనంగా మారడం అరుదు. మలబద్ధకం మాత్రం వస్తుంది, దానికి మొదటి రోజు నుండే మందు ఇస్తారు. మొదట్లో కొద్ది రోజులు నిద్రమత్తు, వికారం ఉండవచ్చు. ఈ మాత్ర సందు చివరి మందుల షాపులో దొరకదు, అనుమతి గల ఆసుపత్రిలోనే ఇస్తారు. ఇక హరామ్ సంగతి. సరదా కోసం తీసుకునే మత్తుకూ, నిపుణుడైన వైద్యుడు బాధ తగ్గించడానికి ఇచ్చే మందుకూ ఉలమా తేడా చూపించారు. ఆపరేషనుకు మత్తు ఇస్తే ఎవరైనా అభ్యంతరం చెబుతున్నారా? నొప్పి తగ్గిన మనిషి లేచి కూర్చుంటాడు, మనవడితో మాట్లాడతాడు, సైగలతోనైనా నమాజు చేసుకుంటాడు. పళ్లు కొరుక్కుంటూ పడి ఉన్న మనిషికి ఇవేవీ సాధ్యం కావు.

నొప్పి కంటే కష్టమైన విషయం, నిజం చెప్పడం. మన ఇళ్లలో రోగికి తప్ప అందరికీ రోగం పేరు తెలుసు. డాక్టరు రిపోర్టును కొడుకు చేతిలో పెడతాడు. కొడుకు దాన్ని బీరువాలో దాస్తాడు. "అబ్బాకు చెబితే గుండె ఆగిపోతుంది" అంటారు. ప్రేమతోనే అంటారు, అందులో అనుమానం లేదు. అయితే దీనివల్ల ఎంత నష్టం జరుగుతోందో చూడండి. ఆ మనిషికి ఎవరికో ఇవ్వవలసిన అప్పు ఉంటుంది. భార్యకు మహర్ బాకీ ఉంటుంది. ఎవరిదో అమానత్ దగ్గర ఉంటుంది. తమ్ముడితో పదేళ్లుగా మాటల్లేవు. తనకు రెండు నెలలే ఉన్నాయని తెలిస్తే ఆయన ఇవన్నీ సరిచేసుకునేవాడు. తెలియదు గనుక "వచ్చే నెల చూద్దాంలే" అంటాడు. వచ్చే నెల ఆయనకు మాట రాదు.

జనాజా ముందుకు తెచ్చినప్పుడు మరణించినవారికి అప్పు ఉందా అని దైవప్రవక్త (స) అడిగేవారు. ఒక సహచరుని అప్పును హజ్రత్ అబూ ఖతాదా (రజి) తన మీద వేసుకున్నాకనే నమాజు చేయించారు. అప్పుకు అంత ప్రాముఖ్యమున్న ధర్మంలో, అప్పు తీర్చుకునే అవకాశాన్ని మనమే ఆ మనిషికి లేకుండా చేస్తున్నాం. వీలునామా మాటెత్తితే చావును పిలిచినట్లని కొందరంటారు. హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) మక్కాలో జబ్బుపడి, ఇక బతకననుకున్నప్పుడు దైవప్రవక్త (స) ఆయన్ను చూడడానికి వెళ్లారు. తన ఆస్తి ఎంత దానం చేయవచ్చునని ఆయన అడిగారు. మూడో వంతు మించవద్దని, అదే ఎక్కువని సమాధానం. ఆ సంభాషణ జరిగింది రోగి మంచం దగ్గరే. ఆ తరువాత సఅద్ (రజి) నలభై ఏళ్లకు పైగా జీవించారు. వసీయత్ మాట్లాడినంత మాత్రాన ఆయుష్షు తరగలేదు.

మన ఊరికి సంబంధించి ఇందులో ఇంకో బాధ ఉంది. ఓడరేవు ఊరు గదా, మన పిల్లలు ఓడల మీద, గల్ఫ్‌లో పనులు చేసుకుంటున్నారు. తండ్రి పరిస్థితి దమ్మామ్‌లో ఉన్న కొడుక్కి కూడా చెప్పరు, ఉద్యోగం మానుకుని వస్తాడేమోనని. చివరికి మయ్యత్ ఫోను వెళుతుంది. మన దగ్గర ఖననం ఆలస్యం చేయరు, చేయకూడదు కూడా. ఆ పిల్లవాడు టికెట్టు దొరికించుకుని విశాఖ విమానాశ్రయంలో దిగేసరికి గోరీ మీద మట్టి ఆరిపోయి ఉంటుంది. అతనికి కావలసింది తండ్రి శవం కాదు, తండ్రితో పది రోజులు. ముందు చెప్పి ఉంటే అవి దొరికేవి. నిజం చెప్పడమంటే రోగి తల మీద పిడుగు వేయడం కాదు. "మీ జబ్బు గురించి మీకు ఎంతవరకు తెలుసుకోవాలని ఉంది?" అని అడగడం. తెలుసుకోనని ఆయన అంటే అది ఆయన హక్కు. అడగకుండానే ఆయన తరఫున నిర్ణయించే హక్కు మనకు లేదు.

ఇక మంచం దగ్గర చేయవలసిన పనులు. రోగి తనంతట తాను కదలలేనప్పుడు రెండు గంటలకోసారి పక్క మార్చాలి. లేకపోతే నడుము కింద, మడమల మీద పుండ్లు పడతాయి. గాలి పరుపు వేస్తే కొంత మేలు, కాని పరుపు ఉంది గదా అని పక్క మార్చడం మానకూడదు. నోరు ఎండకుండా తడిగుడ్డతో తుడవాలి. దైవప్రవక్త (స) చివరి ఘడియల్లో మిస్వాక్ వైపు చూస్తే, హజ్రత్ ఆయిషా (రజి) దాన్ని తన పళ్లతో మెత్తగా చేసి అందించారు. రోగి నోటి శుభ్రతకు ఇంతకన్నా పెద్ద నిదర్శనం ఎక్కడుంది?

తిండి దగ్గర మన ఇళ్లలో రోజూ గొడవే. మనిషి చివరి దశకు చేరినప్పుడు ఆకలి తగ్గడం సహజం. తినకపోవడం వల్ల జబ్బు ముదరడం లేదు, జబ్బు ముదరడం వల్ల తినలేకపోతున్నాడు. ఇది అర్థం కాక, గంజి, జావ, సగ్గుబియ్యం పట్టుకుని కూర్చుని బలవంతంగా పోస్తారు. అది ఊపిరితిత్తుల్లోకి పోయి ఉన్న ప్రాణానికే ముప్పు. రోగులను తినమని, తాగమని బలవంతపెట్టవద్దనే అర్థం వచ్చే హదీసు తిర్మిజీలో ఉంది. ఇంకో సంఘటన. తమ చివరి జబ్బులో దైవప్రవక్త (స) వద్దని సైగ చేస్తున్నా, రోగులు మందంటే ఇష్టపడరు గదా అనుకుని ఇంటివారు నోట్లో మందు పోశారు. తేరుకున్నాక ఆయన దాన్ని తప్పుపట్టారు. మంచం మీద ఉన్న మనిషి "వద్దు" అన్న మాటకు విలువుందని దీన్నుండి మేము గ్రహిస్తున్నాం.

కలిమా విషయంలోనూ నెమ్మది కావాలి. చుట్టూ పదిహేనుమంది చేరి చెవిలో గట్టిగా అరిచినట్లు చెప్పడం చూస్తున్నాం. ఒక్కరు, మెల్లగా, పక్కన కూర్చుని చెప్పాలి. ఆ మనిషి ఒకసారి పలికాక మళ్లీ మళ్లీ పలికించవద్దని, విసుగు పుట్టించవద్దని పండితులు రాశారు. చివరి గంటల్లో గొంతులో వచ్చే గురగుర శబ్దానికి ఇంటివారు హడలిపోతారు. అది గొంతులో చేరిన తడి శబ్దం, చాలావరకు రోగికి దాని బాధ తెలియదు. ఒక పక్కకు తిప్పి పడుకోబెడితే తగ్గుతుంది. ఈ ఒక్క మాట ముందుగా ఎవరైనా చెబితే అర్ధరాత్రి ఆటోలో ఆసుపత్రికి పరుగెత్తి దారిలో ప్రాణం పోయే పరిస్థితి కొన్ని ఇళ్లలోనైనా తప్పుతుంది. వెంటిలేటరు పెట్టాలా వద్దా అన్న ప్రశ్న వచ్చే ఇళ్లలో డాక్టరునూ, ముఫ్తీ సాహెబ్‌నూ ముందే కలిసి మాట్లాడుకోవాలి. ప్రాణం తీయడం వేరు, ఫలితం లేని చికిత్సను ఆపడం వేరు. 2018 మార్చి 9న సుప్రీంకోర్టు కూడా ఈ తేడాను గుర్తించి, ముందుగానే తన ఇష్టాన్ని రాసిపెట్టుకునే హక్కు మనిషికి ఉందని చెప్పింది. 2023లో ఆ పద్ధతిని కొంత సులభం చేసింది.

ఇంతకూ ఈ పనులన్నీ ఎవరు చేస్తున్నారు? కోడలు. లేకపోతే కూతురు. కొడుకు వచ్చినవారితో గుమ్మం దగ్గర నిలబడి జబ్బు వివరాలు చెబుతుంటాడు! అత్తమామల సేవ కోడలికి పుణ్యం, కాని బాధ్యత మొదట కొడుకుదేనని ఉలమాను అడిగితే చెబుతారు. పైగా తండ్రి ఒంటిని శుభ్రం చేయడానికి, బట్టలు మార్చడానికి పరదా రీత్యా కొడుకే తగినవాడు. బద్ర్ యుద్ధం కంటే పెద్ద పని ఆ రోజుల్లో ఏముంది? జబ్బుపడిన భార్య హజ్రత్ రుఖయ్యా (రజి) సేవ కోసం హజ్రత్ ఉస్మాన్ (రజి) గారిని దైవప్రవక్త (స) మదీనాలోనే ఉంచేశారు. బద్ర్‌లో పాల్గొన్నవారితో సమానంగా ఆయనకు పుణ్యమూ ఉందన్నారు, యుద్ధప్రాప్తిలో వాటా కూడా ఇచ్చారు. ఇంట్లో రోగి దగ్గర కూర్చోవడం ఆడవాళ్ల పని అనుకునే మగవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

అయితే మగవారి ఇబ్బంది కూడా తెలియనిది కాదు. ఉక్కు కర్మాగారంలో ఏ, బీ, సీ షిఫ్టుల్లో తిరిగేవాడు రాత్రి డ్యూటీ చేసి వచ్చి పగలు తండ్రి పక్క మార్చాలి. పర్మనెంటు ఉద్యోగికి కొంత సెలవైనా ఉంటుంది. కాంట్రాక్టు కార్మికుడు గేటు దాటి లోపలికి పోకపోతే ఆ రోజు కూలి లేదు. ఇ.ఎస్.ఐ. ఇచ్చే సిక్‌నెస్ భత్యం జబ్బుపడిన కార్మికునికే, జబ్బు మనిషిని చూసుకునే కార్మికునికి కాదు. పక్షవాతంతో పూర్తిగా మంచం పట్టినవారికి 2024 జులై నుండి రాష్ట్ర ప్రభుత్వం నెలకు 15,000 రూపాయల పింఛను ఇస్తోంది. అర్హత ఉండి కూడా దరఖాస్తు పెట్టుకోనివారు ఉంటే సచివాలయానికి వెళ్లి అడగాలి. చూసుకునే మనిషికి ఏ పథకమూ లేదు. ఆమెకు పగలు రెండు గంటల నిద్ర ఇప్పించగలిగేది పక్కింటివారే.

హాస్పిస్‌లో చేర్చడాన్ని మనవాళ్లు వృద్ధాశ్రమంలో వదిలేయడంతో సమానంగా చూస్తారు. "నలుగురూ ఏమనుకుంటారు?" నొప్పి అదుపులోకి రావడానికో, చూసుకునే మనిషి కాస్త తేరుకోవడానికో వారం రోజులు ఉంచి మళ్లీ ఇంటికి తెచ్చుకోవచ్చు. అది వదిలేయడం కాదు. హజ్రత్ రుఫైదా (రజి) గుడారం మస్జిదె నబవీ ఆవరణలోనే ఉండేది. ఖందఖ్ యుద్ధంలో గాయపడిన హజ్రత్ సఅద్ బిన్ ముఆజ్ (రజి) ఇంటికి పోలేదు, ఆ గుడారంలోనే చికిత్స పొందారు. నలుగురూ ఏమనుకుంటారోనని అప్పుడెవరూ అడగలేదు.

మసీదు ఆవరణలో రోగికి చోటు ఉండేదన్న ఈ సంగతి నుండే మా సూచన. కేరళను చూడండి. 1993లో కోళికోడ్‌లో డాక్టర్ రాజగోపాల్, డాక్టర్ సురేష్ కుమార్ మొదలైనవారు చిన్నగా ఒక సంస్థను ప్రారంభించారు. కొద్ది ఏళ్లకే అది మలప్పురం జిల్లా పల్లెల్లోకి పాకింది. అక్కడ ముస్లిం జనాభా ఎక్కువ. ఆటో డ్రైవర్లు, టీచర్లు, కాలేజీ పిల్లలు, ఇల్లాళ్లు వారానికి రెండు గంటలు ఇస్తామని పేర్లు రాయించుకుని శిక్షణ పొందారు. నర్సు ఇంటికి వస్తుంది, వెంట ఈ వలంటీరు వస్తాడు. డబ్బు కూడా చిన్న చిన్న చందాలతోనే. 2008లో కేరళ ప్రభుత్వం దీన్ని తన విధానంగా చేసుకుంది. తెలంగాణలో "ఆలన" పేరుతో జిల్లాల్లో కేంద్రాలు వచ్చాయి. హైదరాబాదు పాతబస్తీలో హెల్పింగ్ హ్యాండ్ ఫౌండేషన్ వారు ఒక మసీదులోనే వైద్య కేంద్రం నడిపి చూపించారు.

మన ఊళ్లో ఇంత పెద్ద పని రేపే కావాలని మేము అనడం లేదు. ప్రతి మసీదులో జనాజా డోలా ఒకటి సిద్ధంగా ఉంటుంది. దాని పక్కన తల వైపు ఎత్తే ఆసుపత్రి మంచం ఒకటి, గాలి పరుపు ఒకటి, కమోడ్ కుర్చీ ఒకటి, వీల్ చైరు ఒకటి ఉంచలేమా? అవసరమైన ఇంటికి ఇవ్వడం, అవసరం తీరాక తెచ్చి కడిగి పెట్టడం. ఒక ఇంటివారు కొన్న మంచం వారి మయ్యత్ తరువాత మేడ మీద తుప్పుపడుతుంటుంది, అదే వీధిలో ఇంకొకరు అద్దెకు తెచ్చుకుంటుంటారు. ఒక మాట ముందే చెప్పాలి. హనఫీ ఉలమా అభిప్రాయం ప్రకారం జకాత్ సొమ్ము పేదవాని చేతికి సొంతంగా అందాలి. కాబట్టి మసీదు దగ్గర ఉండే ఈ సామానును లిల్లాహ్, సదఖా సొమ్ముతో కొనాలి. పేద రోగి మందులకు, అతని ఇంటి ఖర్చుకు జకాత్ నేరుగా ఇవ్వవచ్చు. సామాను కన్నా ముఖ్యమైనది మనుషుల పేర్ల పుస్తకం. జుమా తరువాత ఒక పుస్తకం పెట్టి, వారానికి రెండు గంటలు ఎవరివ్వగలరో రాయించాలి. ఆడవారి పేర్లు ఆడవారి ద్వారా. మన మొహల్లాల్లో నర్సింగు చదివిన అమ్మాయిలు ఎంతోమంది ఉన్నారు, రిటైరైన పోర్టు, స్టీల్ ప్లాంటు ఉద్యోగులున్నారు. వీరిని ఎవరూ అడగడం లేదు, అంతే.

పరామర్శకు వెళ్లేవారికి కూడా కొంచెం చెప్పాలి. పది నిమిషాలు చాలు. ఫలానా ఆకు పసరు తాగించండి, ఫలానా బాబా దగ్గరకు తీసుకెళ్లండి అనవద్దు. "మా మామూకు ఇదే జబ్బు, మూడు నెలల్లో పోయారు" అని అస్సలు అనవద్దు. (నవ్వుకోకండి, రోగి ముందే ఇలా అన్నవారిని చూశాం.) రోగిని అడిగాక, వంటింట్లోకి తొంగి చూసి ఆ ఇంటి ఇల్లాలిని కూడా అడగండి, రాత్రి ఎంతసేపు నిద్రపోయావమ్మా అని.

మయ్యత్ అయిపోయాక మూడు రోజుల సందడి ఉంటుంది. హజ్రత్ జాఫర్ (రజి) అమరులైన వార్త వచ్చినప్పుడు ఆయన ఇంటివారికి అన్నం పంపమని దైవప్రవక్త (స) చెప్పారు, మనం దాన్ని పాటిస్తున్నాం. తరువాతి రోజులు ఎవరికీ పట్టవు. నెలల తరబడి రాత్రి రెండింటికి లేచి మందు ఇచ్చిన మనిషికి, ఆ తరువాత కూడా రెండింటికే మెలకువ వస్తుంది. లేచి కూర్చుంటే మంచం ఖాళీ. ఆమెకు దుఃఖంతోపాటు ఒక తేలిక కూడా అనిపిస్తుంది, మరుక్షణం ఆ తేలిక పట్ల సిగ్గు కలుగుతుంది. ఆయన బాధ తీరినందుకు కలిగిన తేలిక పాపం కాదని ఎవరైనా ఆమెకు చెప్పాలి.

హఠాత్తుగా పోయినవారి ఇళ్ల దుఃఖం ఇంకో రకం. 1997 సెప్టెంబరు 14న హెచ్.పి.సి.ఎల్. రిఫైనరీ పేలుడు, 2012 జూన్ 13న స్టీల్ ప్లాంటు ప్రమాదం, 2020 మే 7న ఆర్.ఆర్. వెంకటాపురం గ్యాసు, ఆ పైన కరోనా. పొద్దున డ్యూటీకి పోయిన మనిషి సాయంత్రానికి లేకపోతే, చెప్పవలసిన మాటలన్నీ మిగిలిపోతాయి. అలాంటి ఇంట్లో "అల్లాహ్ ఇష్టం, ఏడవకూడదు" అని పదేళ్ల పిల్లవాణ్ణి గద్దించడం ఏ ధర్మం? తన కుమారుడు ఇబ్రాహీం మరణించినప్పుడు దైవప్రవక్త (స) కన్నీరు పెట్టుకున్నారు. ఆశ్చర్యపోయిన సహచరునికి అది కారుణ్యమని చెప్పారు. హజ్రత్ యాఖూబ్ (అలై) కొడుకు కోసం ఏడ్చి ఏడ్చి కళ్లు తెల్లబడిన సంగతి దివ్య ఖుర్ఆన్‌లోనే ఉంది. మూడు రోజుల హద్దు సంతాపం పాటించే ఆచారానికి, మనసులోని బాధకు కాదు. హజ్రత్ ఖదీజా (రజి) పోయిన ఎన్నో ఏళ్లకు కూడా ఆయన ఆమె స్నేహితురాళ్లకు మాంసం పంపేవారు, ఆమె పేరు తలుచుకునేవారు. మన దగ్గర మాత్రం ఏడాది తరువాత పోయినవారి పేరెత్తితే, బాధ పడుతుందని మాట మారుస్తారు. ఆ ఇల్లాలు ఆ పేరు వినాలనే ఎదురు చూస్తుంటుంది. ఎక్కువమందికి కాలంతోపాటు బాధ కొంత సర్దుకుంటుంది. నెలలు గడిచినా తిండి, నిద్ర, పిల్లల ధ్యాస లేకుండా ఉండిపోయినవారిని డాక్టరుకు చూపించాలి. అది ఈమాన్ తక్కువై కాదు.

భర్త పోయిన స్త్రీకి నాలుగు నెలల పది రోజుల ఇద్దత్. ఆ కాలంలోనే ఆఫీసు కాగితాలన్నీ వచ్చి పడతాయి. ఇంట్లో జరిగిన మరణాన్ని 21 రోజుల్లో నమోదు చేయించాలి. పి.ఎఫ్. సొమ్ముకు ఫారం 20, వితంతు పింఛనుకు ఫారం 10-డి నింపాలి. బ్యాంకులో నామినీ సంతకాలు ఉంటాయి. ఇద్దత్‌లో గడప దాటరాదంటూ ఈ పనులన్నీ ఆపి, ఆ సొమ్ము మీద మరిది, బావల పెత్తనం నడవడం కొన్ని ఇళ్లలో జరుగుతోంది. అవసరమైన పని మీద పగటిపూట వెళ్లి రాత్రికి ఇంటికి చేరుకోవచ్చని హనఫీ ఫిఖ్‌లో స్పష్టంగా ఉంది. అనుమానముంటే ఇమాం సాహెబ్‌నే అడగండి. ఆమె వెంట ఆటోలో పి.ఎఫ్. ఆఫీసుకు వెళ్లి, ఫారం చదివి చెప్పి, ఎక్కడ సంతకం పెట్టాలో చూపించడానికి మొహల్లాలో చదువుకున్న అమ్మాయి ఒకరు చాలు.